పేదలకు షుగర్ తక్కువా? కొలత తప్పితే లెక్క ఏం చెబుతుంది

ప్రశ్నలు – జవాబులు

ఆరోగ్య సర్వేల గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈ నెల జవాబిస్తున్నాం. సర్వేలు చేసేవాళ్లకూ, వాటి అంకెలను నమ్మి పనిచేసేవాళ్లకూ పనికొచ్చేలా లెక్కలతో సహా రాశాం.

ప్రశ్న: కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. థీసిస్ కోసం ఒక మురికివాడలోనూ, ఒక ఉద్యోగుల కాలనీలోనూ ఇంటింటికీ తిరిగి ‘మీకు షుగర్ ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా?’ అని అడిగాం. కాలనీలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు రెట్టింపు తేలారు. పేదవాళ్లకు షుగర్ తక్కువని రాయవచ్చా? శాంపిల్ ఇంకా పెంచితే గట్టిగా చెప్పగలమా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రాయకండి. మీ ప్రశ్న షుగర్‌ను కొలవలేదు. ఆసుపత్రికి వెళ్లి, రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మాట గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎందరో కొలిచింది. కాలనీలో ఈ మూడూ జరుగుతాయి. మురికివాడలో కాలికి పుండు పడి మానకపోతే తప్ప చాలామంది పరీక్ష దాకా పోరు. అంటే మీ కొలతలోని లోపం ఎవరి దగ్గర ఎంత అన్నది వాళ్ల ఆర్థిక స్థితిని బట్టే మారుతోంది. ఆరోగ్యానికీ సామాజిక స్థితికీ సంబంధం వెతికే పనిలో ఇంతకు మించిన ప్రమాదం లేదు.

ఒక ఊహా లెక్క చూడండి. రెండు చోట్లా నిజంగా షుగర్ ఉన్నవాళ్లు నూటికి 12 మందే అనుకుందాం. మురికివాడలో జబ్బు ఉన్నవాళ్లలో 40 శాతానికి ఆ సంగతి తెలుసు, కాలనీలో 80 శాతానికి తెలుసు. జబ్బు లేకపోయినా ఉందని చెప్పేవాళ్లు రెండు చోట్లా 1 శాతం. అప్పుడు మురికివాడలో ‘ఉంది’ అనేవాళ్లు 12లో 40 శాతం, అంటే 4.8, దానికి 88లో 1 శాతం, 0.88 కలిపితే 5.68 శాతం. కాలనీలో 9.6కు అదే 0.88 కలిపితే 10.48 శాతం. జబ్బు సమానమే అయినా నివేదికలో తేడా దాదాపు రెట్టింపు కనిపిస్తుంది.

దీన్ని సరిచేయడానికి 1978లో రోగన్, గ్లాడెన్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రం ఉంది. కనిపించిన నిష్పత్తికి స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో లేదని చెప్పేవాళ్ల వాటా, ఇక్కడ 0.99) కలిపి 1 తీసేయండి. సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాళ్లలో ఉందని చెప్పేవాళ్ల వాటా, మురికివాడలో 0.40, కాలనీలో 0.80), స్పెసిఫిసిటీ రెండూ కూడి 1 తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. మురికివాడకు 0.0468ని 0.39తో భాగిస్తే 0.12. కాలనీకి 0.0948ని 0.79తో భాగిస్తే 0.12. లెక్క కుదిరింది.

చాలామంది పొరపాటు పడేది దీని తర్వాతే. ఎక్కడో అచ్చైన వ్యాసంలోంచి 60 శాతం అని ఒకే సెన్సిటివిటీ తెచ్చుకుని రెండు చోట్లా వేసేస్తారు. అలా చేస్తే మురికివాడకు 7.9, కాలనీకి 16.1 శాతం వస్తాయి. సవరించక ముందు 1.85 రెట్లున్న తేడా సవరించాక 2.03 రెట్లయింది. ఏ వర్గానికి ఆ వర్గం సెన్సిటివిటీ తెలియకపోతే ఈ సూత్రం జోలికి పోకపోవడమే మంచిది.

తెలుసుకోవాలంటే కొందరికైనా రక్తపరీక్ష చేయాలి. ఎందరికి అన్నది ముందే లెక్క వేసుకోండి. ఒక్కో చోట 100 మందికి చేస్తే దొరికేది 12 మంది రోగులే. వాళ్లలో 5 మందికి ముందే తెలుసు అని తేలినా, అసలు విలువ 15 శాతం నుంచి 70 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. 50 మంది రోగులు దొరకాలంటే ఒక్కో చోట 400 మందికి పైగా పరీక్ష చేయాలి. అంతదాకా వెళ్లాక అందరికీ గ్లూకోమీటర్‌తో చూడటమే నయం. ‘డాక్టరు చెప్పారా’ అన్న ప్రశ్నను అప్పుడూ ఉంచండి. జబ్బు ఎంత ఉంది, అందులో ఎంత బయటపడింది అనే రెండు వేర్వేరు సంగతులు మీకు దక్కుతాయి. రెండోది కూడా థీసిస్‌కు గట్టి ఫలితమే.

పరీక్షలోనూ జాగ్రత్తలున్నాయి. పరగడుపు పరీక్షకు హద్దు డెసిలీటర్‌కు 126 మిల్లీగ్రాములు. ‘ఏమీ తినలేదు’ అన్నవాళ్లు కాఫీ తాగే ఉంటారు, చాలామందికి అది తినడం కింద లెక్క కాదు. ‘పొద్దున లేచినప్పటినుంచి నోట్లో ఏం పడింది? కాఫీ, టీ, పాలు, రాగి అంబలి?’ అని పేర్లు చెప్పి అడగండి. స్ట్రిప్పుల డబ్బాను ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టకండి. చాలా కంపెనీల స్ట్రిప్పులకు 30 డిగ్రీలే పై హద్దు, తిరుపతి ఎండాకాలం 40 దాటుతుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష) చేయిస్తే పరగడుపు బాధ ఉండదు కానీ, ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత ఆ అంకెను అసలుకన్నా పైకి చూపుతుంది. రక్తహీనత పేద మహిళల్లో ఎక్కువ కాబట్టి ఈసారి లోపం ఎదురు దిక్కుకు లాగుతుంది.

శాంపిల్ పెంచడం గురించి. చిత్తూరు మామిడి మండీలో వేబ్రిడ్జి ప్రతి లోడుకూ 20 కిలోలు తక్కువ చూపుతుంటే, వంద లోడ్లు తూచినా రైతుకు ఆ 20 కిలోలు తిరిగిరావు. శాంపిల్ పెరిగితే తగ్గేది అటూ ఇటూ ఊగే లోపం మాత్రమే. ఒకే దిక్కుకు లాగే లోపం అలాగే ఉండిపోతుంది, పైగా కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండవచ్చని లెక్క చెప్పే పరిధి) ఇరుకై తప్పు అంకె మరింత నమ్మకంగా కనిపిస్తుంది.

ఈ చిక్కు మన ఊళ్లదే కాదు. తమకు జబ్బు ఉందని చెప్పుకునేవాళ్లు బీహార్‌లో కన్నా కేరళలో ఎక్కువని, కానీ ఆయుర్దాయం కేరళలోనే ఎక్కువని అమర్త్య సేన్ 2002లో ఎత్తిచూపారు. చదువు, వైద్యం అందినచోట జనం తమ జబ్బును గుర్తుపడతారు. అందనిచోట ఆయాసాన్నీ నీరసాన్నీ వయసు మీద వేసేస్తారు.

ప్రశ్న: సచివాలయం ఏఎన్‌ఎంని. ఎన్‌సీడీ (బీపీ, షుగర్ వంటి అంటుకోని జబ్బుల) సర్వేలో బీపీ చూస్తాం. మా రికార్డుల్లో 120/80, 130/80, 140/90 ఎక్కువగా ఉన్నాయని పైఅధికారి కోప్పడ్డారు. డిజిటల్ మెషీన్ ఒకే మనిషికి మూడుసార్లకు మూడు అంకెలు చూపిస్తుంది. ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: మూడూ రాయాలి. మెషీన్ చూపినట్టే, చివరి అంకెతో సహా. మొదటిది వదిలేసి రెండు, మూడు రీడింగుల సగటు తీసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెప్స్ సర్వే పద్ధతి ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా మూడుసార్లు చూసి చివరి రెండింటి సగటే తీసుకుంటారు. కొత్త మనిషి ఇంటికొచ్చి చేతికి పట్టీ కడితే మొదటి రీడింగు చాలామందిలో పెరుగుతుంది. ఆ ఒక్కదాన్నే పట్టుకుంటే లేని బీపీ రాసినట్టవుతుంది.

అధికారి చూసింది చివరి అంకె సున్నా. డిజిటల్ మెషీన్‌లో పదింట ఒకటే సున్నాతో ముగియాలి. 400 రీడింగుల్లో 40 సున్నాలు సహజం. అటూ ఇటూ 12 తేడా వచ్చినా పట్టించుకోనక్కర్లేదు. 60 దాటితే ఎవరో కంటిచూపుతో సర్ది రాస్తున్నారని అర్థం. పాదరసం మెషీన్‌లో గీతలు 2 మిల్లీమీటర్లకొకటి కాబట్టి అక్కడ ఐదింట ఒకటి సహజం. 138ని 140గా సర్దితే ఆ మనిషి బీపీ జాబితాలో చేరతారు, 142ని 140గా రాస్తే ఏమీ మారదు. హద్దు దగ్గర సర్దుబాటు ఒకే వైపు పనిచేస్తుంది, అందుకే అధికారులు అంత పట్టుబడతారు.

కొలిచే తీరు గురించి మీరు అడగలేదు కానీ పెద్ద లోపాలు అక్కడే పుడతాయి. మన పల్లెల్లో మనిషి అరుగు మీదో, నేల మీదో కూర్చుంటారు. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటారు. పట్టీ గుండె మట్టానికి కిందకు పోయిన ప్రతి సెంటీమీటరుకూ బీపీ 0.8 మిల్లీమీటర్ల దాకా ఎక్కువ చూపుతుంది; 10 సెంటీమీటర్లు దిగితే 8 దాకా. కుర్చీ దొరకకపోతే గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, మోచేతి కింద దిండో మడిచిన దుప్పటో పెట్టి పట్టీని గుండె మట్టానికి తీసుకురండి. 5 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. అంతకు ముందు అరగంటలో కాఫీ, టీ, బీడీ, చుట్ట ఏదీ ఉండకూడదు. మూత్రం వస్తుంటే వెళ్లొచ్చాకే చూడండి. మెషీన్ నడుస్తున్నప్పుడు మీరూ మాట్లాడకండి, వాళ్లనూ మాట్లాడించకండి. పింఛను సంగతి, పిల్లల చదువు సంగతి తర్వాత అడగవచ్చు. బిగుతు రవిక చేతిని పైకి చుట్టి దాని కింద పట్టీ కడితే చుట్టిన గుడ్డే నరాన్ని నొక్కుతుంది; పలచటి గుడ్డయితే దాని మీదే కట్టడం మేలు.

ఇక పట్టీ సైజు. చాలా మెషీన్లతో వచ్చే మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికే. అంతకన్నా లావు చేతికి కడితే బీపీ ఎక్కువ, సన్న చేతికి కడితే తక్కువ చూపుతుంది. లావు చేతులు కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలోనూ, సన్న చేతులు కూలి చేసుకునేవాళ్ల ఇళ్లలోనూ ఎక్కువ. ఒకే పట్టీతో ఊరంతా చూస్తే ‘బీపీ ధనవంతుల జబ్బు’ అని ఆ పట్టీయే చెప్పేస్తుంది. భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ నడిమధ్యన టేపుతో చుట్టుకొలత చూసి, 32 దాటితే పెద్ద పట్టీ కట్టండి. పెద్ద పట్టీ మీ దగ్గర లేకపోతే చుట్టుకొలతను రికార్డులో రాయండి చాలు, విశ్లేషించేవాళ్లు ఆ రీడింగులను విడిగా చూసుకుంటారు.

కూలికి పోయేవాళ్లను సాయంత్రం పని దిగి రాగానే, ఉద్యోగస్తులను ఆదివారం పొద్దున చూడటం కూడా ఇలాంటిదే. వీలైనంతవరకు అందరినీ ఒకే పూట చూడండి. కుదరకపోతే టైమ్ రాయండి.

ప్రశ్న: ఎకనామిక్స్ లెక్చరర్‌ని. మా విద్యార్థులు పిల్లల ఎదుగుదలకూ కుటుంబ ఆదాయానికీ సంబంధం చూస్తున్నారు. నెల ఆదాయం అడిగితే అందరూ 8 వేలు, 9 వేలు అంటున్నారు. రిగ్రెషన్‌లో (ఒక్కో కారణం ప్రభావం ఎంతో విడదీసే లెక్కలో) ఆదాయం ప్రభావం దాదాపు లేదు, తల్లి చదువు ప్రభావం మాత్రం బాగా ఉంది. చదువే ముఖ్యం, డబ్బు కాదు అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ ప్రశ్నలోనే రెండు చిక్కులు పెనవేసుకుని ఉన్నాయి. మొదట 9 వేల సంగతి చూద్దాం. 2019 చివర్లో బియ్యం కార్డుకు పెట్టిన ఆదాయ హద్దు పల్లెల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు. క్లిప్‌బోర్డు పట్టుకుని ఇంటికొచ్చిన ఎవరైనా ప్రభుత్వం మనుషుల్లాగే కనిపిస్తారు. కార్డు, పింఛను పోతాయేమోనన్న భయంతో హద్దు కిందే అంకె చెబుతారు. ఇది అబద్ధమని వాళ్లను తప్పుపట్టడం అన్యాయం, ఆ కార్డు మీద ఇల్లు గడిచేవాళ్లు ఇంకేం చెబుతారు? కానీ మీ గ్రాఫులో 20 వేలు వచ్చే ఇల్లూ 8 వేలు వచ్చే ఇల్లూ ఒకేచోట కూడతాయి.

భయం లేకపోయినా ‘నెలకు ఎంత’ అన్న ప్రశ్నకు మన పల్లెల్లో సరైన జవాబు లేదు. మామిడి డబ్బు ఎండాకాలం చివర ఒక్కసారి వస్తుంది. పాల బిల్లు 10 రోజులకో, 15 రోజులకో వస్తుంది, అందులోంచి దాణా ఖర్చు పోవాలి. టమాటా ఒక కోతకు లాభం, ఇంకో కోతకు కూలి కూడా రాదు. ‘ఎంతని చెప్పేది సార్, ఏదో కడుపుకు సరిపోతాది’ అంటే నిజమే చెబుతున్నారు. కాబట్టి నెల ఆదాయం అడగడం మానేసి ఒక్కో రాబడిని విడిగా అడగండి. పాలు: ఇప్పుడు ఎన్ని ఆవులు ఇస్తున్నాయి, పూటకు ఎన్ని లీటర్లు, పోయిన బిల్లు ఎంత, దాణా ఎంత. కూలి: పోయిన 7 రోజుల్లో ఎవరెవరు ఎన్ని రోజులు, రోజుకు ఎంత. పంట: పోయిన 12 నెలల్లో ఏ పంట, ఎన్ని బస్తాలో టన్నులో, ఏ రేటు, పెట్టుబడి ఎంత. బయట ఊళ్ల నుంచి పిల్లలు పంపేది. ఉపాధి హామీ. పింఛను.

గుర్తుచేసుకునే గడువు మారితే దేశం లెక్కే మారిపోతుంది. 1999-2000లో జరిగిన జాతీయ నమూనా సర్వే 55వ రౌండులో తిండి ఖర్చును 7 రోజులకూ 30 రోజులకూ పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని లాగింది. ఆ ఏడాది పేదరికం అంకెను పాత రౌండ్లతో పోల్చవచ్చా లేదా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మీ విద్యార్థులు సగం ఇళ్లలో నెల, సగం ఇళ్లలో ఏడాది అడిగితే అదే గొడవ చిన్న ఎత్తున వస్తుంది.

ఇక రిగ్రెషన్. కారణంగా తీసుకున్న కొలతలో అటూ ఇటూ ఊగే లోపం ఉంటే దాని ప్రభావం సున్నా వైపు కుంచించుకుపోతుంది. ఎంత అన్నది నిజమైన తేడాల వేరియన్స్‌ను (ప్రామాణిక విచలనం వర్గాన్ని) మొత్తం వేరియన్స్‌తో భాగిస్తే తెలుస్తుంది. ఉదాహరణకు లాగ్ ఆదాయంలో (ఆదాయం సంవర్గమానంలో) ఇళ్ల మధ్య నిజమైన ప్రామాణిక విచలనం 0.6, కొలత లోపానిది 0.4 అనుకుందాం. 0.36ను 0.52తో భాగిస్తే 0.69. లాగ్ ఆదాయం ఒక యూనిట్ పెరిగితే పిల్లల ఎత్తులో నిజంగా 2 సెంటీమీటర్ల తేడా ఉన్నా మీకు కనిపించేది 1.4 మాత్రమే. లోపం ఎత్తు కొలతలో ఉంటే అలా కాదు. ప్రభావం కుంచించుకుపోదు, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మాత్రం వెడల్పవుతుంది. ఈ తేడా మీ విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి.

చదువు సంగతి ఇక్కడే తేలుతుంది. తల్లి ఎన్నో తరగతి దాకా చదివిందో అడిగితే జవాబు దాదాపు సరిగ్గా వస్తుంది. ఆదాయం వంకరగా వస్తుంది. చదువుకూ ఆదాయానికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉంది. అలాంటి రెండింటిని ఒకే సమీకరణంలో పెడితే, వంకరగా కొలిచినదాని ప్రభావంలో కొంత సరిగ్గా కొలిచినదాని ఖాతాలోకి పోతుంది. మీరు చూస్తున్న ‘చదువు ప్రభావం’లో డబ్బు ప్రభావం కలిసి ఉండటానికి పూర్తి అవకాశం ఉంది. ‘ఆదాయాన్ని సరిచేసి చూశాం’ అన్న మాట కనిపించిన ప్రతి నివేదికలోనూ ఆదాయాన్ని ఎలా అడిగారో ముందు చూడండి. చేతికి డబ్బు ఇచ్చే పథకం వల్ల లాభం లేదని ఇలాంటి లెక్కతో తేల్చేస్తే నష్టపోయేది పేద ఇల్లే.

ఆదాయానికి బదులు ఆస్తుల సూచీ వాడవచ్చు. కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటి గోడలు, నేల, నీళ్లు, మరుగుదొడ్డి, ఫ్రిజ్, బండి వంటివాటికి ప్రిన్సిపల్ కాంపొనెంట్ పద్ధతిలో బరువులు కట్టి జనాభాను ఐదు సమాన భాగాలు చేస్తారు. వస్తువు కంటికి కనిపిస్తుంది కాబట్టి అబద్ధం తక్కువ. కానీ దాదాపు అందరికీ ఉన్న గ్యాస్ కనెక్షన్, సెల్‌ఫోన్ వంటివి ఎవరినీ వేరుచేయవు. 95 శాతం ఇళ్లలో ఉన్నదాన్నీ, 5 శాతం కన్నా తక్కువ ఇళ్లలో ఉన్నదాన్నీ తీసేయండి. పట్నంలో భూమి లేకపోవడం పేదరికం కాదు, పల్లెలో అవును. తిరుపతి నగరాన్నీ కుప్పం పల్లెలనూ ఒకే సూచీలో కలిపితే పల్లె మొత్తం అడుగుకు పోతుంది. వేర్వేరుగా కట్టండి. కరెంటు బిల్లు చూపించమని అడిగి యూనిట్లు రాసుకోండి, అది మీటరు చెప్పే సాక్ష్యం.

లోపం ఎంతో తెలుసుకోవడానికి 50 నుంచి 100 ఇళ్లకు రెండు వారాల తర్వాత వేరే విద్యార్థిని పంపి మళ్లీ అడిగించండి. రెండు జవాబుల సహసంబంధమే పైన చెప్పిన 0.69 లాంటి అంకెకు అంచనా. అయితే భయంతో తగ్గించి చెప్పినవాళ్లు రెండోసారీ అంతే తగ్గించి చెబుతారు. సహసంబంధం బాగున్నంత మాత్రాన ఆ లోపం పోయినట్టు కాదు. అందుకే ఆస్తులు, కరెంటు యూనిట్లు పక్కన పెట్టుకోవాలి. ఆ అంకె చేతికొచ్చాక రిగ్రెషన్ క్యాలిబ్రేషన్, సైమెక్స్ పద్ధతులతో సవరించవచ్చు. ‘ఆర్’ ప్రోగ్రాంలో సైమెక్స్ ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది.

ప్రశ్న: హౌస్‌సర్జన్‌ని. బీజీ ప్రసాద్ స్కేలుతో (తలసరి ఆదాయాన్ని బట్టి కుటుంబాలను తరగతులుగా విడదీసే కొలతతో) ఒకే ఊళ్లో చేసిన రెండు ప్రాజెక్టుల్లో ఒకదాంట్లో సగం మంది మొదటి తరగతి, ఇంకోదాంట్లో ఎవరూ లేరు. ఎలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: లింకింగ్ ఫ్యాక్టర్ ఒకరు మర్చిపోయి ఉంటారు. 1961 నాటి స్కేలులో తలసరి నెల ఆదాయం 100 రూపాయలు దాటితే మొదటి తరగతి. దాన్ని పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీతో ఇప్పటికి తేవాలి. ఆ సూచీ ఆధార సంవత్సరం 1960 నుంచి 1982కు, అక్కడినుంచి 2001కి, తర్వాత 2016కు మారింది. వాటిని కలిపే గుణకాలు 4.93, 4.63, 2.88. సూచీ 140 అనుకుంటే 1.40ని ఆ మూడింటితోనూ గుణించాలి: దాదాపు 92. మొదటి తరగతి హద్దు 9,200 రూపాయల దగ్గర పడుతుంది. 2.88 వదిలేస్తే గుణకం 32కు దిగి, హద్దు 3,200 అవుతుంది, సగం ఊరు మొదటి తరగతిలోకి ఎక్కేస్తుంది. ఏ నెల సూచీ, ఏ గుణకాలు వాడారో నివేదికలో రాయని ప్రాజెక్టును నమ్మకండి. తలసరి ఆదాయం కట్టేటప్పుడు బెంగళూరులో ఉండి నెలనెలా డబ్బు పంపే కొడుకును తలల్లో కలిపారా, రాబడిలో కలిపారా అన్నదీ చూడండి. రెండు ప్రాజెక్టులూ ఒకేలా కలపకపోతే అంకెలను పోల్చలేం.

ప్రశ్న: అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని. వేలికొస రక్తంతో చూస్తే రక్తహీనత చాలా ఎక్కువ, ల్యాబుకు పంపితే తక్కువ వస్తోంది. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: సిర నుంచి తీసి ఆటో ఎనలైజర్‌లో చూసినదాన్నే ప్రమాణంగా తీసుకోండి. దేశం మొత్తం మీద కూడా ఇదే తేడా కనబడింది. వేలికొస చుక్కతో చేసిన 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 58.6 శాతానికి రక్తహీనత తేలింది. సిర రక్తంతో చేసిన 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 41 శాతం. వయసు మెట్లు కాస్త వేరైనా తేడాలో పెద్ద భాగం రక్తం తీసే తీరుదేనని నిపుణుల అభిప్రాయం.

వేలిని పిండితే కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది. చెయ్యి చల్లగా ఉంటే ముందు గోరువెచ్చటి నీళ్లతో కడిగించి తుడవండి. మధ్య వేలో ఉంగరం వేలో తీసుకుని, కొసకు కాస్త పక్కగా ఒకే గట్టి పోటు పొడవండి. భయపడి మెల్లగా పొడిస్తేనే పిండాల్సి వస్తుంది. స్పిరిట్ పూర్తిగా ఆరాలి. మొదటి చుక్కలు తుడిచేసి, తనంతట ఊరిన పెద్ద చుక్కను తీసుకోండి. క్యువెట్‌లో (రక్తం పట్టే చిన్న ప్లాస్టిక్ పలకలో) గాలి బుడగ ఉంటే పారేసి కొత్తది తీయండి. క్యువెట్ డబ్బా మూత వెంటనే బిగించాలి, తేమ తగిలితే అవి చెడిపోతాయి. వానాకాలం శిబిరాల్లో దీని మీద ఒక కన్నేసి ఉంచండి.

ఒకే దిక్కుకు లాగే లోపం లేకపోయినా ఊగే లోపం ఒక్కటే శాతాలను మారుస్తుంది. గర్భిణులు కాని మహిళల్లో హిమోగ్లోబిన్ నిజమైన సగటు డెసిలీటర్‌కు 12.5 గ్రాములు, విచలనం 1.2 అనుకుందాం. 12 కన్నా తక్కువ ఉన్నవాళ్లు 34 శాతం. పరీక్షలో 0.8 విచలనం ఉన్న ఊగే లోపం కలిస్తే అది 36 అవుతుంది. పెద్ద తేడా కాదు. కానీ 8 కన్నా తక్కువ ఉన్న తీవ్ర రక్తహీనత లక్ష మందిలో 9 నుంచి 90కి ఎగబాకుతుంది, అంటే పది రెట్లు! అందువల్ల తీవ్ర కేసు కనబడగానే వెంటనే రెండోసారి చూడండి, అయితే ఆ మనిషిని ఆసుపత్రికి పంపడం మాత్రం ఆలస్యం చేయకండి.

ప్రశ్న: మా ఊళ్లో పెద్దలు వయసు అడిగితే 50, 60, 65 అంటారు. ఆధార్‌లో అందరిదీ జనవరి 1. వయసు ఎలా రాయాలి?
– ఒక ఆశా కార్యకర్త, పుంగనూరు

జవాబు: పుట్టిన తేదీ తెలియనివాళ్లకు ఆధార్‌లో జనవరి 1 వేసేశారు, కాబట్టి అది సాక్ష్యం కాదు. ‘ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయినప్పుడు మీకు పెళ్లయిందా? ఇందిరాగాంధీ చనిపోయినప్పుడు పెద్దబిడ్డ ఎంత ఉన్నాడు? అలిపిరిలో బాంబు పేలినప్పుడు మనవడు పుట్టాడా?’ అని అడగండి. అవి వరుసగా 1983 జనవరి, 1984 అక్టోబరు, 2003 అక్టోబరు. పెళ్లి నాటికి తన ఈడు అడిగి కూడితే వయసు రెండేళ్ల అటూ ఇటూగా తేలుతుంది. వృద్ధాప్య పింఛను 60 ఏళ్లకు వస్తుంది కాబట్టి 57, 58 వాళ్లు 60 అనడం మామూలే. బీపీ, షుగర్ లెక్కల్లో అది పేద ఇళ్లను ఉన్నవయసు కన్నా పెద్దగా చూపి, అదే వయసు ధనవంతులతో పోల్చినప్పుడు పేదలు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించేలా చేస్తుంది.

మీ మండలం రికార్డు ఎంత నమ్మదగ్గదో విప్పుల్ (Whipple) సూచీతో చూడవచ్చు. 23 నుంచి 62 ఏళ్ల వాళ్లందరినీ లెక్కపెట్టి, అందులో వయసు 0తో గానీ 5తో గానీ ముగిసేవాళ్లను 5తో గుణించి, మొత్తంతో భాగించి, 100తో గుణించండి. 100 వస్తే బాగుంది. 125 దాటితే వయసు లెక్కలు ముతక, 175 దాటితే మళ్లీ అడగాలి. చదువుకున్నవాళ్ల ఇళ్లకూ చదువు లేనివాళ్ల ఇళ్లకూ విడివిడిగా కట్టండి, తేడా కళ్లకు కడుతుంది.

ప్రశ్న: కుటుంబ ఆరోగ్య సర్వే పాత చిత్తూరు అంకెలతో ఇప్పటి తిరుపతి జిల్లాను పోల్చవచ్చా?
– ఒక విద్యార్థి, చంద్రగిరి

జవాబు: పోల్చకూడదు. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు మూడు జిల్లాల్లోకి పోయింది: చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య. అప్పుడు తిరుపతిలోకి నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు వచ్చాయి. 2015-16, 2019-21 సర్వేలు పాత హద్దులతోనే జరిగాయి. మండలం స్థాయి అంకెలున్న 2011 జనాభా లెక్కల వంటివాటిని మండలాలవారీగా కూడి కొత్త జిల్లా కట్టుకోవచ్చు. శాంపిల్ సర్వేను అలా విడగొట్టలేం. పాత చిత్తూరును చిత్తూరుగానే వాడుకుని, పటం కింద ‘2022కు ముందు హద్దులు’ అని రాయండి.